కస్తూరి కట్టిన యోధుడి వేషం

ఆ వేసవిలో చింతపండు గోడౌనులో ఆడిన ఆట గురించి ఎవరైనా ఎత్తితే కస్తూరి ఇప్పటికీ మాట మార్చేస్తుంది. ఫ్యాను సరిగ్గా తిరగడం లేదంటుంది, పొయ్యి మీద పాలున్నాయంటుంది, లేచి లోపలికి పోతుంది. పోనివ్వండి. ఆవిడ చెప్పదు కాబట్టి మనమే చెప్పుకుందాం.

అది తొంభై తొమ్మిదో సంవత్సరం, మే నెల. రాయగడలో కస్తూరి వాళ్లది చింతపండు టోకు వ్యాపారం. విజయనగరం వైపు నుంచి తాత వచ్చి పెట్టిన కొట్టు. ముందు కొట్టు, మధ్యలో ఇల్లు, వెనక గోడౌను. కస్తూరికి పదహారేళ్లు. మెట్రిక్ పరీక్ష రాసేసి, ఫలితాలొచ్చేదాకా ఏం చెయ్యాలో తెలియక గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంది. అప్పుడు దిగాడు రాకేష్, వాళ్ల పెద్దమ్మ కొడుకు. విశాఖపట్నంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. సంచిలో రెండు జతల బట్టలు, ఒక పెద్ద జెరాక్స్ కాగితాల కట్ట తెచ్చాడు.

"ఇదొక ఆట. మా హాస్టల్లో తెల్లార్లూ ఆడతారు" అన్నాడు.

బోర్డు లేదు, పేకముక్కలు లేవు. ఒకడు కథ నడుపుతాడు, మిగిలినవాళ్లు ఆ కథలో మనుషులవుతారు. అడవులు, గుహలు, రాక్షసులు, గుహ చివర నిధి. ఆట మొదలెట్టే ముందు ఎవరికి వాళ్లు ఒక క్లాసు ఎంచుకోవాలట.

"క్లాసంటే? ఎనిమిదో క్లాసు, తొమ్మిదో క్లాసు అట్లానా?" అన్నాడు బిశ్వజిత్. వాడు పక్కింటి ఒడియా కుర్రాడు, పుట్టినప్పటి నుంచీ ఆ వీధే కాబట్టి తెలుగు వాడికి నీళ్లు.

"వేషం అనుకోరా బాబూ. భాగోతంలో వేషం కట్టరూ, అలాగ."

యోధుడు, వైద్యుడు, మాంత్రికుడు, దొంగ. నాలుగు వేషాలు. యుద్ధంలో ఎవరి చోటు వాళ్లది. యోధుడు ముందు నిలబడతాడు, ఒళ్లు గట్టిది, దెబ్బలన్నీ వాడికే. మాంత్రికుడు వెనక నుంచి నిప్పు విసురుతాడు, కానీ ఒక్క దెబ్బ తగిలిందా, ఇంక లేవడు. వైద్యుడు మధ్యలో ఉండి పడ్డవాళ్లని లేపుతాడు. మాంత్రికుడు ముందుకొస్తే వాడొక్కడే చస్తాడు, యోధుడు వెనక్కి తగ్గితే అందరూ చస్తారు, అని రాకేష్ మరీ మరీ చెప్పాడు.

"ముందు నిలబడేది నేనే" అంది కస్తూరి, ఎవరూ అడగకముందే.

మాంత్రికుణ్ణి బిశ్వజిత్ పట్టేశాడు. మిగిలింది తవిటమ్మ. కస్తూరితో ఒకే బెంచీ మీద అయిదేళ్లు కూర్చున్న పిల్ల. వాళ్లమ్మ గున్నమ్మ మునిసిపాలిటీలో పని చేస్తుంది, రోజూ పొద్దున్నే ఈ షావుకార్ల వీధే ఊడుస్తుంది. తవిటమ్మ వచ్చినా ఇంట్లోంచి రాదు, వెనక గేటు నుంచి తిన్నగా గోడౌనులోకే వస్తుంది. తాగడానికి నీళ్లు కూడా సీసాతో తనే తెచ్చుకుంటుంది. అలా తెచ్చుకోమని ఆ ఇంట్లో ఎవరూ చెప్పలేదు, అక్కర్లేదనీ చెప్పలేదు.

"నువ్వు దొంగ కట్టు తవిటీ. తాళాలు తియ్యొచ్చు, గోడలెక్కొచ్చు, భలే ఉంటుంది" అన్నాడు రాకేష్.

"ఓలమ్మో, నాకొద్దు బాబూ. ఉత్తినే అన్నా ఆ మాట మమ్మల్ని అంటుకుపోద్ది" అంది తవిటమ్మ నవ్వుతూనే. వైద్యుడి వేషం తీసుకుంది.

చింతపండు బస్తాల మధ్య పాత కొట్పాడ్ నేత దుప్పటి పరిచారు. ఎర్రటి అంచులో నేసిన పీతలూ చేపలూ ఉన్న దుప్పటి. ఇంటిల్లిపాదీ కునుకు తీసే మధ్యాహ్నం వేళ ఆట. ఇరవై మొహాల పాచికలు కావాలట, రాయగడలో ఎవరి దగ్గరుంటాయి? చింతపిక్కలు అరగదీసి, తెల్లవైపు ఎన్ని పడితే అంత దెబ్బ అని లెక్క పెట్టుకున్నారు.

కస్తూరికి ఆ ఆటలో ప్రాణం లాంటి నియమం ఒకటుంది. రాక్షసుడు వెనకవాళ్ల మీద కత్తి ఎత్తినప్పుడు, పిక్కలు నేల మీద పడేలోపు యోధుడు "దెబ్బ నాది" అనాలి. అంటే ఆ దెబ్బ వాడికి తగులుతుంది, వెనకవాళ్లు బతుకుతారు. కస్తూరి ఆ మాట అనే తీరు చూడాలి మీరు! మోకాళ్ల మీద లేచి, చున్నీ నడుముకి బిగించి, గోడౌను దద్దరిల్లేలా అరిచేది. ఒకసారి తవిటమ్మ మీదికొచ్చిన ఏడు దెబ్బలు వరసగా తనే తిని, చావు అంచుకెళ్లి, వైద్యం చేయించుకుని లేచింది. ఆ సాయంత్రం తవిటమ్మ గేటు దగ్గర ఆగి, "నువ్వుంటే నాకు భయం నేదే కస్తూరీ" అంది. కస్తూరి రెండు రోజులు ఆ మాట మీదే బతికింది.

మూడో రోజునుంచి పిక్కలు ఎదురు తిరిగాయి. ఎంత విసిరినా నల్లవైపే. యోధుడు కత్తెత్తితే గాలికి తగులుతోంది. కస్తూరికి ఉక్రోషం వచ్చింది, ఆ ఉక్రోషంలో ఒక ఉపాయం తట్టింది.

పూజగదిలో లక్ష్మీదేవి పటం ముందు ఇత్తడి గిన్నెలో అయిదు పసుపు గవ్వలుంటాయి. ఏటా దీపావళికి పాలతో కడిగి పసుపు రాస్తారు. రోజూ సాయంత్రం దీపం పెట్టి, కస్తూరి మామ్మ అమ్మన్నమ్మ వాటిని గుప్పిట్లో గలగలలాడించి కళ్లకద్దుకుంటుంది. ఆ చప్పుడు కొట్టులో కూర్చున్నవాళ్లకి వినపడాలి. వినపడితే లక్ష్మి గుమ్మం దిగదని ఆ ఇంటి నమ్మకం. ఇంటి ఆడపిల్ల పిక్కల బదులు విసిరితే ఆ గవ్వలు బోర్లా పడతాయా? ఇదీ కస్తూరి ఆలోచన. తక్కిన ఊళ్లో ఏ పిల్లకీ రాని ఆలోచన, షావుకారింటి పిల్లకే వస్తుంది.

మధ్యాహ్నం తీసుకెళ్లింది, దీపం వేళకి గిన్నెలో పెట్టేసింది. ఎక్కడివని రాకేష్ అడిగితే సంతలో కొన్నానంది. చెప్తే నమ్మరు, గవ్వలు నిజంగానే వెల్లకిలా పడ్డాయి! నాలుగు రోజులు యోధుడికి ఎదురు లేదు.

తవిటమ్మ మాత్రం రెండో రోజే కనిపెట్టింది. "ఇవి మీ మామ్మ పూజలోవి కదేటి? పెట్టెయ్యవే, నాకు గుండెలు దడదడలాడతన్నాయి" అంది. "నీకెందుకే, నేనున్నాను కదా" అంది కస్తూరి. అవును మరి, ముందు నిలబడే మనిషి.

అయిదో రోజు మంగళవారం. అమ్మా నాన్నా వారం రోజులకని విజయనగరంలో పెళ్లికి వెళ్లారు. కొట్లో గుమస్తా సన్యాసయ్య కునుకుతున్నాడు. రాకేష్, బిశ్వజిత్ ఐసుగోలా తెస్తామని బజారుకి పోయారు. గోడౌనులో ఆడపిల్లలిద్దరే మిగిలారు. గవ్వలకి చింతపండు జిడ్డు అంటుకుందని తవిటమ్మ ఒక్కొక్కటే తీసి పరికిణీ అంచుతో తుడుస్తోంది. తుడిచిన నాలుగు గవ్వలు ఒళ్లో ఉన్నాయి, అయిదోది చేతిలో ఉంది. తలుపు దగ్గర నీడ పడింది.

"ఏటే అది నీ చేతిలో?" అంది అమ్మన్నమ్మ.

తవిటమ్మ లేచి నిలబడింది. ఒళ్లో గవ్వలు దుప్పటి మీద గలగలా పడ్డాయి.

"లక్ష్మి గవ్వలు! నా పూజగదిలోయి! ఎవురు తీసేరే?"

"నేను తియ్యలేదండి" అంది తవిటమ్మ.

"మరి కాళ్లొచ్చి నడిచొచ్చేయా? ఎవురు తీసేరో సెప్పు."

తవిటమ్మ చెప్పలేదు. కస్తూరి వైపు చూసింది. అడిగినట్టు చూడలేదు, బతిమాలినట్టు చూడలేదు. నువ్వు చెప్తావు కదా అన్నట్టు, తన వంతు వచ్చేదాకా ఆగినట్టు చూసింది. రెండు మాటలు చాలు. నేనే తీశాను మామ్మా. అంతే. అంటే ఏమవుతుంది? నాలుగు తిట్లు, మహా అయితే ఒక లెంపకాయ, నాన్న వచ్చాక ఇంకో విడత చీవాట్లు. ఇంటి పిల్లకి అంతకు మించి ఏమీ కాదు. రాక్షసుల ముందు గోడౌను దద్దరిల్లేలా అరిచిన ఆ నోరు ఉంది చూశారూ, అది పెగల్లేదు. కస్తూరి దుప్పటి అంచులో పీతని చూస్తూ నిలబడింది. ఆ పీతకి ఎన్ని కాళ్లో లెక్కపెట్టింది కూడా.

"సూసేవా, నోరు లేవట్లేదు" అంది అమ్మన్నమ్మ. తవిటమ్మ జబ్బ పట్టుకోలేదు, ముట్టుకోదు కదా. ముందు నడవమని చెయ్యి చూపించింది. వెనక గేటు నుంచి కాదు, సందులోంచి తిప్పి వీధిలోకే నడిపించింది. చివరి మలుపులో చెత్త ఎత్తుతున్న గున్నమ్మని కేకేసి పిలిపించింది.

"నీ కూతురు దేవుడి గదిలో సెయ్యెట్టిందే గున్నమ్మా. లక్ష్మి గవ్వలే ఎత్తుకుపోయింది. ఇంక ఈదిలో ఏ గడపకీ మీరు రావద్దు."

వీధి వీధంతా అరుగుల మీదికొచ్చింది. గున్నమ్మ కూతుర్ని ఏమీ అడగలేదు. అడిగితే ఆ పిల్ల కాదంటుంది. కాదంటే పెద్దావిడ అబద్ధమాడినట్టవుతుంది. అందుకని కొట్టింది. చేత్తో కొట్టింది, చాలక చీపురు తిరగేసి కర్రవైపుతో కొట్టింది. కొడుతూ కొడుతూ తనే ఏడ్చింది. తవిటమ్మ ఏడవలేదు. కిటికీ ఊచల వెనక నిలబడిన కస్తూరికి ప్రతి దెబ్బా వినిపించింది. ఛీ, ఏం బతుకు, అనుకుంది. అనుకుని, కిటికీ వేసేసింది.

కరిగిపోతున్న గోలాలు తెచ్చిన మగపిల్లలిద్దరికీ విషయం వీధి మొదట్లోనే తెలిసిపోయింది. రాకేష్ గోడౌనులోకి వచ్చి కస్తూరిని ఎగాదిగా చూశాడు.

"సంతలో కొన్నానన్నావు?"

కస్తూరి దుప్పటి మడతపెట్టడం మొదలెట్టింది.

"తెచ్చింది నువ్వేనని చెప్పలేదూ?"

"భయమేసింది" అంది.

బిశ్వజిత్ తన గోలా తీసుకుని ఇంటికి పోయాడు. రాకేష్ కాగితాలన్నీ సర్ది తాడు కట్టాడు. "వైద్యుడు లేకపోయినా ఎలాగో ఆడొచ్చు. ముందు నిలబడేవాళ్లు లేకుండా ఎలా ఆడతాం?" అన్నాడు. కస్తూరికి తల కొట్టేసినట్టయింది.

మర్నాడు వీధి ఊడవడానికి గున్నమ్మ వచ్చింది. ఎప్పుడూ ఎవరో ఒకరు పలకరించేవారు, చద్దన్నమో పచ్చడో గేటు బయట పెట్టేవారు. ఆ రోజు ఆవిడ చీపురు చప్పుడు వింటూనే తలుపులు మూసుకున్నారు. పెరట్లో ఆరేసిన బట్టలు కూడా తీసుకున్నారు. తవిటమ్మని చదువు మాన్పించి, కుందురలో మేనత్త ఇంటికి పొలం పనికి పంపేస్తున్నారని సన్యాసయ్య చెప్పాడు. శుక్రవారం పది గంటల బస్సుకట. "దొంగ పేరు పడ్డ పిల్లని ఊళ్లో ఎలా ఉంచుకుంటాది పాపం" అన్నాడు. కస్తూరికి అన్నం సహించలేదు. లెక్కల్లో తనకన్నా ఎక్కువ మార్కులొచ్చే పిల్ల, కాలేజీలో కూడా ఒకే బెంచీ అని ఒట్టేసుకున్న పిల్ల, వరినాట్లకి పోతుంది. ఎవరివల్ల?

గురువారం సాయంత్రం దీపం పెట్టే వేళకి కస్తూరి పూజగది గడప దగ్గర నిలబడింది.

"మామ్మా, గవ్వలు తీసింది నేనే. తవిటి కాదు."

అమ్మన్నమ్మ వత్తి సరిచేస్తూ వెనక్కి తిరగలేదు. "నాకు తెలుసునే" అంది.

"తెలుసా?"

"రోజూ ముట్టుకునే గవ్వలు. జిడ్డు జిడ్డుగా చింతపండు వాసనేస్తుంటే తెలీదా? మొదటి రోజే తెలిసింది. పూజగదిలోకి ఆ గుంట ఎలాగొస్తాది, నువ్వు కాక?"

"మరెందుకు..."

"ఆ గుంట మన బస్తాల మీద ఎక్కి కూసుంటంది. ఇవాళ గోడౌను, రేపు వంటిల్లు. మీ నాన్నకి సెప్తే పిల్లలు గదా అంటాడు. ఎలాగ పంపించాలా అని సూస్తన్నాను, అమ్మవారే దారి సూపించింది." అప్పుడు తిరిగి, మనవరాలి గడ్డం పట్టుకుంది. మొహం నిండా ప్రేమ. "నువ్వెక్కడ నోరిప్పి కంగాళీ చేస్తావోనని ఒకటే భయపడ్డాను. ఇప్పలేదు. ఇంటి పరువు తెలిసిన పిల్లవి. మా పిల్లవనిపించుకున్నావు." నైవేద్యం పెట్టిన బెల్లం ముక్క తీసి కస్తూరి చేతిలో పెట్టింది.

తిట్టినా బాగుండేది. కొట్టినా బాగుండేది. కస్తూరి పదహారేళ్ల జీవితంలో మామ్మ ఇంతగా మెచ్చుకున్నది ఇదే మొదటిసారి. బెల్లం ముక్క పారేద్దామనుకుంది. దేవుడి ప్రసాదం పారేస్తే ఏమవుతుందోనని మళ్లీ భయం. తినేసింది. సిగ్గులేని నోరు, తినేసింది.

చీకటి పడేలోపే మునిసిపాలిటీ పనివాళ్లుండే ఇళ్ల లైన్ల దగ్గరికి పరుగెత్తింది. కుళాయి దగ్గర తవిటమ్మ బిందె పట్టుకుని వరసలో ఉంది. చేతి మీద కర్ర దెబ్బలు నల్లగా తేలి ఉన్నాయి.

"మామ్మకి చెప్పేశాను, నేనే తీశానని" అంది కస్తూరి రొప్పుతూ.

తవిటమ్మ బిందె కింద పెట్టింది. "నిజంగా? ఏటన్నారు?"

ఇక్కడ చూడండి. ఇక్కడైనా నిజం చెప్పొచ్చు కదా! మామ్మకి ముందే తెలుసు, కావాలనే నిన్ను వెళ్లగొట్టింది, నేను నోరు మూసుకున్నందుకు నాకు బెల్లం పెట్టింది, అని చెప్పాలంటే తన ఇంటినీ, తననీ వీధి కుళాయి దగ్గర ఆరబెట్టినట్టే. పైగా రెండు రోజుల తరవాత తవిటమ్మ మొహంలో వెలుగు వచ్చింది.

"తిట్టింది. బాగా తిట్టింది. తవిటిని ఉత్తి పుణ్యాన అన్నానే అని బాధపడింది" అంది కస్తూరి.

"పోన్లే. లేటయినా సెప్పేవు" అంది తవిటమ్మ. గట్టిగా ఊపిరి పీల్చుకుని, "ఒలే అమ్మా!" అని అరుస్తూ బిందె అక్కడే వదిలేసి ఇంట్లోకి పరుగెత్తింది. కస్తూరి ఇంటికొచ్చి ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. అదీ చెప్పుకోవలసిన సిగ్గే.

శుక్రవారం పొద్దున్న కొట్టు తెరిచి అరగంట కాలేదు. గున్నమ్మ వచ్చింది. చేతిలో చీపురు లేదు. తలకి నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. పక్కన తవిటమ్మ, చేతిలో బట్టల సంచి. ఇద్దరూ మెట్ల కింద, వీధిలోనే నిలబడ్డారు.

"అమ్మగారూ, ఓ మాట" అంది గున్నమ్మ రెండు చేతులూ జోడించి.

అమ్మన్నమ్మ గడప మీదికొచ్చింది. "ఏటి?"

"మా అమ్మి తియ్యనేదని తమకి తెలిసిందంట గదా తల్లీ. తమరు బాధపడ్డారంట. అంతకన్నా నాకేటి కావాలి? ఈదిలో అన్నారు గదా, ఈదిలోనే ఓ పాలి నేదు, ఇది తియ్యనేదు అనేస్తే, పిల్లని బస్సెక్కించకుండా ఇంటికి అట్టుకుపోతాను. సదువుకుంటాది."

అరుగుల మీద మళ్లీ జనం చేరారు. బిశ్వజిత్ వాళ్ల గేటు దగ్గర నిలబడ్డాడు. అమ్మన్నమ్మ మొహంలో ఏ మార్పూ లేదు.

"ఎవురు సెప్పేరే నీకు?"

"కస్తూరమ్మే సెప్పింది తల్లీ. కుళాయి కాడికొచ్చి సెప్పింది."

"కస్తూరీ!" అని పిలిచింది అమ్మన్నమ్మ.

కస్తూరి తలుపు చాటునే ఉంది. బయటికి వచ్చింది. మామ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఎంత మెత్తటి చెయ్యో! "ఏటే అమ్మీ, నువ్వేటైనా సెప్పేవా ఈళ్లకి? పిల్లలు ఆటల్లో ఏవేవో అనుకుంటారు. అలాగేటైనా అన్నావా?"

ఒక్క తల ఊపితే చాలు. లేదు మామ్మా, ఆటకి అన్నాను, అంటే చాలు. సందు వదిలి పెట్టింది మామ్మ, దూరిపొమ్మని. మెట్ల కింద తవిటమ్మ తలెత్తి చూస్తోంది. ఆ చూపులో మంగళవారం నాటి నమ్మకం లేదు. ఈసారి కూడా ఇది చెప్పదు అనుకుంటున్న చూపు అది. ఆ చూపుకి కస్తూరి తట్టుకోలేకపోయింది.

భుజం మీది చెయ్యి తప్పించుకుని మెట్లు దిగింది.

"తీసింది నేను" అంది. గొంతు పీలగా వచ్చింది. అరుగుల మీదివాళ్లకి వినపడలేదేమోనని మళ్లీ అంది. "నేనే తీశాను. ఆటకి తీశాను. తవిటి పెట్టెయ్యమంది, నేనే వినలేదు. మామ్మకి మొదటి రోజే తెలుసు. తెలిసే అంది. మామ్మ బాధపడిందని నిన్న నేను అబద్ధం చెప్పాను."

"నోర్ముయ్!" అంది అమ్మన్నమ్మ. తలుపు ధడేలున వేసుకుని లోపలికి పోయింది. రాకేష్ ఎప్పుడొచ్చాడో, సన్యాసయ్య పక్కన నిలబడి ఉన్నాడు.

కస్తూరి ఇప్పుడు గున్నమ్మ తిడుతుందనుకుంది. శాపనార్థాలు పెడుతుందనుకుంది, పెట్టాలనే కోరుకుంది. గున్నమ్మ అవేవీ చెయ్యలేదు. కొట్టు మెట్టు మీద కూలబడింది. ఆ మెట్టు మీద ఆవిడ కూర్చోవడం అదే మొదలు. కూతురి చెయ్యి లాక్కుని ఒళ్లో పెట్టుకుంది. నల్లగా తేలిన దెబ్బల మీద వేళ్లతో నిమిరింది, ఒకటి, రెండు, మూడు. అప్పుడు తలెత్తి కస్తూరిని చూసింది.

"మంగళారమే ఈ మాట సెప్పుంటే, నాను కొట్టకపోదును గదమ్మా" అంది.

ఆ ఒక్క మాటకే కస్తూరి ఇప్పటికీ ఫ్యాను వంకా పాల వంకా పెట్టి లోపలికి పోతుంది.

తవిటమ్మ బట్టల సంచి భుజానికి తగిలించుకుంది, రెండో చేత్తో తల్లిని లేపింది. ఇద్దరూ బస్‌స్టాండు వైపు కాకుండా లైన్ల వైపు తిరిగారు. "తవిటీ!" అని పిలిచింది కస్తూరి. తవిటమ్మకి వినిపించింది, నడక ఒక్క క్షణం ఆగింది కూడా. కానీ వెనక్కి తిరగలేదు.